ఛాయాచిత్రముల వెనుకటి వ్రాత, కంప్యూటరు మెమొరీ లెక్క

మన పెద్దలు ఛాయాచిత్రమును తీయించుకొన్న పిమ్మట దాని వెనుక ప్రక్కను సిరాతో నాలుగు ముక్కలు వ్రాసి యుంచెడివారు. ఏ తేదీన తీసిరి, ఏ యూర తీసిరి, కూర్చున్నవా రెవరు, నిలుచున్నవా రెవరు అను సంగతులు అందుండును. అట్టి వ్రాత లేని పటము ఒక తరము గడచినతోడనే మూగపోవును. పెట్టె యడుగున దొరకిన పటమును చూచి "ఈ తలపాగా ఆయన యెవరు?" అని పిల్లలడిగినచో చెప్పగలవారు మిగిలి యుండరు.

నేటి ఫోటోలకు వెనుక ప్రక్క లేదు. వానిని కాగితముపై అచ్చు వేయించువారే అరుదు. అయినను ఆ వెనుకటి వ్రాత పోలేదు. అది ఫైలు లోపలికే ప్రవేశించినది. సెల్‌ఫోను గాని కెమెరా గాని ఫోటో తీసిన క్షణముననే తేదీని, వేళను, యంత్రము పేరును, ఒక్కొక్కప్పుడు స్థలమును గూడ దానియందు లిఖించుచున్నది. దీనిని మెటాడేటా యందురు. అనగా సమాచారమును గూర్చిన సమాచారము. ఈ వ్యాసమున ఆ వ్రాతను ప్రోగ్రాముచేత చదివించు విధమును, అట్లు చదివింపబోయి మేము చేసిన యొక తప్పును, ఆ తప్పును పట్టుకొన్న క్రమమును మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుప నెంచితిమి.

పని పుట్టిన విధము

గత సంవత్సరము పాఠశాల ప్రదర్శనము కొఱకు పాత ఫోటోలన్నియు పోగుచేయబడెను. ఉపాధ్యాయుల ఫోనులనుండియు, పూర్వ విద్యార్థులు పంపిన డిస్కులనుండియు వచ్చినవి పదునొకండు వేలకు మించినవి. వానిని సంవత్సరముల వారిగా అమర్చు భారము మాపై పడెను. ఒక్కొక్క ఫోటోకు అర నిముషము చొప్పున చూచినను తొంబది గంటలు పట్టును. కావున ప్రోగ్రాము వ్రాయుటయే మార్గమని తోచినది.

ఆ దినములలోనే మఱియొక కోరికయు వచ్చెను. ముప్పది యేండ్లు మన బడి గంట కొట్టి, 2013వ సంవత్సరమున పదవి విరమించి, కొంతకాలమునకు కాలధర్మము నొందిన బంట్రోతుగారి భార్య మా గదికి వచ్చి, "అయ్యా, మా యింట ఆయన పటము ఒక్కటియు లేదు. పెండ్లినాటిది వానకు తడిసి పోయినది. మీ ఫోటోలలో ఎక్కడనైన ఒక మూల నిలుచుండెనేమో చూడరా?" అని అడిగినది. చూచెదమని మాట యిచ్చితిమి. ఆయన వీడ్కోలు సభ 2013 మార్చి నెలలో జరిగినది గనుక, ఆ నెల ఫోటోలు విడదీసినచో పని సులభమగునని భావించితిమి. అది యెంత సులభమైనదో ముందు చెప్పెదము.

ఫైలు లోపలి యేర్పాటు

కంప్యూటరునకు ఫోటో యనగా సంఖ్యల వరుస. ఒక్కొక్క సంఖ్యకు బైటు అని పేరు; అది 0 మొదలు 255 వఱకు ఏదైన నొకటి కావచ్చును. సామాన్యముగా ఫోనులు తీయు ఫోటోలు జేపెగ్ అను పద్ధతిలో నుండును. అట్టి ప్రతి ఫైలును 255, 216 అను రెండు బైట్లతో ఆరంభమై 255, 217 అను రెండింటితో ముగియును. నడుమ ననేక ఖండము లుండును. వానిలో 255, 225 అను గుర్తుతో మొదలగు ఖండమున మనకు వలసిన వ్రాత కలదు. దానికి ఎగ్జిఫ్ అని పేరు. జపాను దేశపు ఎలక్ట్రానిక్ పరిశ్రమాభివృద్ధి సంఘమువారు 1995వ సంవత్సరమున ఈ యేర్పాటును ప్రకటించిరి. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క తీరున వ్రాయకుండ, అందఱును ఒకే పద్ధతి ననుసరించుటకు అది తోడ్పడినది.

గుర్తు తరువాతి రెండు బైట్లు ఆ ఖండము పొడవును చెప్పును. రెండు బైట్లలో పట్టు పెద్ద సంఖ్య 65,535 గనుక ఖండము అంతకు మించి యుండజాలదు. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొందురు గాక. ముందు దీనితో పని కలదు. పిమ్మట "ఎగ్జిఫ్" అను పేరునకు నాలుగు బైట్లు, రెండు సున్నలు. అచ్చటినుండి అసలు పట్టిక మొదలగును.

ఈ పట్టికకు మొదట 73, 73 గాని, 77, 77 గాని ఉండును. ఇవి ఇంగ్లీషు అక్షరములైన "ఐ ఐ", "ఎమ్ ఎమ్"లకు సంఖ్యలు. వీనివలన సంఖ్యలను ఏ వైపునుండి చదువవలయునో తెలియును. మన పండితులు శాసనములలో శకసంవత్సరములను మాటలతో చెప్పునప్పుడు ఒకట్ల స్థానమును ముందుగా చెప్పుదురు. "వేద, నేత్ర" అనిన వేదములు నాలుగు ఒకట్ల స్థానమునను, నేత్రములు రెండు పదుల స్థానమునను పడి ఇరువదినాలుగు అగునే గాని నలువదిరెండు కాదు. అంకములు ఎడమకు నడచునని వారి నియమము. "ఐ ఐ" అని యున్న ఫైలు ఆ పండితుల పద్ధతిలో చిన్న స్థానమును ముందుగా వ్రాయును. "ఎమ్ ఎమ్" అని యున్నది మన నిత్యవ్యవహారము వలె పెద్ద స్థానమును ముందుగా వ్రాయును. 274 అను సంఖ్యను మొదటిది 18, 1 అనియు, రెండవది 1, 18 అనియు వ్రాయును. ఏలయన ఒక 256నకు 18 కూడిన 274 అగును. ఈ తేడాను గమనింపక చదివినచో 274 గాక 4,609 వచ్చును. సరిగా చదువుచున్నామో లేదో చూచుకొనుటకై ఆ రెండక్షరముల తరువాత 42 అను సంఖ్య తప్పక యుండును. అది 42గా రానియెడల అచ్చటనే ఆగవలయును.

తరువాతి నాలుగు బైట్లు మొదటి జాబితా ఎచ్చట నున్నదో చెప్పును. జాబితాలో ముందు ఎన్ని యంశములు కలవో రెండు బైట్లలో నుండును. పిమ్మట ఒక్కొక్క అంశమునకు సరిగా పండ్రెండు బైట్లు. అందు రెండు బైట్లు అంశపు సంఖ్యకు, రెండు దాని జాతికి, నాలుగు ఎన్ని విలువలు కలవను లెక్కకు, నాలుగు విలువకు. విలువ ఆ నాలుగు బైట్లలో పట్టనిచో, అది యెచ్చట వ్రాయబడినదో ఆ చోటు మాత్రము చెప్పబడును. హాజరుపట్టీలో "వివరములు ఫలానా పుటలో చూడుడు" అని వ్రాసినట్లే.

అంశపు సంఖ్యలలో ముఖ్యమైనవి కొన్ని. 271 కెమెరా చేసిన కంపెనీ. 272 కెమెరా రకము. 274 ఫోటో నిలువో అడ్డమో తెలుపును. 36867 ఫోటో తీసిన తేదీయు వేళయు. ఈ కడపటిది మొదటి జాబితాలో నుండదు. 34665 అను అంశము చూపు రెండవ జాబితాలో నుండును. తేదీ ఇరువది బైట్ల వరుస: సంవత్సరము, నెల, దినము, గంట, నిముషము, సెకను కలిసి పందొమ్మిది అక్షరములు, చివర నొక సున్న.

ఇచ్చట కొత్తవారు పడు గోతులు మూడు కలవు. మొదటిది: "చోటు" అని చెప్పిన సంఖ్య ఫైలు మొదలునుండి గాక ఆ "ఐ ఐ" లేక "ఎమ్ ఎమ్" అక్షరములనుండి లెక్కింపవలయును. ఎగ్జిఫ్ ఖండము ఫైలు మొదటనే యున్నపుడు ఈ రెంటికిని పండ్రెండు బైట్ల వ్యత్యాసము. రెండవది: కొన్ని విలువలు భిన్నములు. కెమెరా రెప్ప తెఱచియుండిన కాలము 125లో 1వ వంతు అని రెండు సంఖ్యలుగా వ్రాయబడును. హారము సున్నయైన చెడు ఫైళ్లు కూడ కలవు గనుక భాగించుటకు ముందు చూచుకొనవలయును. మూడవది: చెడిన ఫైలులో ఒక జాబితా "తరువాతి జాబితా ఇదిగో" అని తననే చూపుకొనవచ్చును. అప్పుడు ప్రోగ్రాము గానుగెద్దు వలె అచ్చటనే తిరుగుచుండును. చూచిన చోట్లను గుర్తుంచుకొని, రెండవమాఱు వచ్చినచో మానుకొనుటయే దానికి మందు.

ఇవి యన్నియు మనమే చదువ నక్కఱలేదు. పైథాను భాషలో పిల్లో అను లైబ్రరీ యీ పనిని చేసిపెట్టును. అయినను లోపలి యేర్పాటు తెలిసినవానికే, లైబ్రరీ చెప్పిన జవాబు సరియో కాదో తెలియును.

మా ప్రోగ్రాము ఆగిపోవుట

మా ప్రోగ్రాము చేయవలసిన పని యిది. ఫోటోను తెఱచి తేదీని చదువుట. 274వ అంశము ననుసరించి దానిని నిలువుగా త్రిప్పుట. చిన్న ప్రతి నొకటి తయారుచేసి ఆ సంవత్సరపు పెట్టెలో వేయుట. అయిదు ఫోటోలతో పరీక్షించితిమి, చక్కగా నడచెను. రాత్రి మొత్తమును అప్పగించి యింటికి పోయితిమి. ఉదయమున వచ్చి చూడగా అఱువదినాలుగవ ఫోటోకడ ఆగిపోయి యుండెను. మరల నడిపితిమి, మరల అఱువదియాఱింట ఆగెను. ఆగుటకు ముందు యంత్రము మిక్కిలి మందగించి, మౌసును కదపినను తెరమీది బాణము కదలకుండెను.

యంత్రము పాతదనియు, నాలుగు గిగాబైట్ల మెమొరీ చాలదనియు మేము నిశ్చయించితిమి. అధిక మెమొరీ కొనుటకు సొమ్ము మంజూరు చేయవలసినదిగా ప్రధానోపాధ్యాయులవారికి విన్నపము గూడ వ్రాసితిమి. ఆ విన్నపము మా బల్లమీద నుండగా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు, "మాస్టరుగారూ, ఒక ఫోటో పని ముగిసిన తరువాత అది తీసికొన్న చోటు తిరిగి వచ్చుచున్నదా?" అని అడిగెను. "పైథాను తానే తిరిగి తీసికొనును" అని చెప్పితిమి. "మీరు చూచితిరా?" అని వాడు మరల అడిగెను. చూడలేదు. పుస్తకములో చదివినదానిని చెప్పితిమేగాని మా యంత్రములో ఏమి జరుగుచున్నదో మేము చూడలేదు. ఆ విన్నపమును సొరుగులో పెట్టి పనికి పూనుకొంటిమి.

మెమొరీ లీకు అనగా నేమి?

దీనిని ఇంగ్లీషువారు లీకు, అనగా కారుట యందురు. చిల్లుకుండనుండి నీరు పోయినట్లు మెమొరీ పోవునని ఆ మాటవలన తోచును. నిజమునకు మెమొరీ ఎచ్చటికిని పోదు. మన గ్రంథాలయపు సంగతి యాలోచింపుడు. విద్యార్థులు పుస్తకములు తీసికొని పోవుదురు, చదివిన పిమ్మట తిరిగి యియ్యరు. ఒక్క పుస్తకమును దొంగలు పట్టుకొని పోలేదు. అయినను కొన్నాళ్లకు బీరువా ఖాళీయై, క్రొత్తగా అడుగువానికి ఇచ్చుటకు ఏమియు నుండదు. మెమొరీ లీకు ఇట్టిది. తీసికొనుటయే గాని తిరిగి యిచ్చుట లేకుండుట.

ఇది రెండు విధములు. 1970 ప్రాంతమున బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ రూపొందించిన సి భాషలో, ప్రోగ్రాము వ్రాయువాడే మాలాక్ అను ఆజ్ఞతో చోటును అడిగి, ఫ్రీ అను ఆజ్ఞతో తిరిగి యీయవలయును. తీసికొన్న చోటి చిరునామాను పోగొట్టుకొన్నచో దానిని తిరిగి యిచ్చుట కెవరికిని శక్యము కాదు. ఇది మొదటి విధము. ఈ బాధను తప్పించుటకు జాన్ మెకార్తీ అను పండితుడు తన లిస్పు భాష కొఱకు, ఎవరికిని అక్కఱలేని చోటును యంత్రమే యేరి తీసికొను పద్ధతిని 1960లో ప్రచురించిన వ్యాసమున వివరించెను. పైథాను భాష, ఒక్కొక్క వస్తువును ఎందఱు పట్టుకొని యున్నారో లెక్కించుచు, ఆ లెక్క సున్న యైనతోడనే చోటును విడుదల చేయును. కాని యెవరో ఒకరు పట్టుకొని యుండగా దానిని విడుదల చేయదు, చేయరాదు గూడ. అక్కఱ తీరిన వస్తువును మఱచిపోయి పట్టుకొనియుండుట రెండవ విధము. మాది యీ రెండవది.

తప్పును వెదకిన క్రమము

మొదట లెక్క వేసితిమి. మా ఫోటోలలో పెక్కింటికి అడ్డము 4,000, నిలువు 3,000 చుక్కలు. మొత్తము ఒక కోటి ఇరువది లక్షలు. డిస్కుమీద ఆ ఫైలు సుమారు నలువది లక్షల బైట్లే యైనను, అది మడిచి కట్టిన మూట. విప్పినపుడు ఒక్కొక్క చుక్కకు ఎఱుపు, పచ్చ, నీలము అను మూడు రంగులకు మూడు బైట్లు కావలయును. పిల్లో తన సౌకర్యమునకై నాలుగవ బైటును గూడ కేటాయించును. కావున విప్పిన యొక ఫోటోకు నాలుగు కోట్ల ఎనుబది లక్షల బైట్లు పట్టును.

రెండవది, చిన్న ప్రయోగము. పదునొకండు వేల ఫోటోలతో పని లేదు. ఒకే ఫోటోను ముప్పది మాఱులు ప్రోగ్రామునకు ఇచ్చి, ప్రతి పది మాఱులకును ప్రోగ్రాము పట్టుకొనియున్న మెమొరీని విద్యార్థిచేత నల్లబల్లపై వ్రాయించితిమి. పదింటికి నలువదియెనిమిది కోట్లును, ఇరువదింటికి తొంబదియాఱు కోట్లును, ముప్పదింటికి నూట నలువది నాలుగు కోట్లును రమారమిగా పెరిగెను. గీసి చూడగా నిక్కమైన సరళరేఖ. ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. మెమొరీ మొదట పెరిగి పిమ్మట నిలుకడగా నున్నచో అది లీకు కాదు. యంత్రము పనిముట్లను సిద్ధపఱచుకొనుట మాత్రమే. చోటు విడుదలయైన పిమ్మట యంత్రపు లెక్కలో వెంటనే తగ్గకపోవుటయు కలదు. ఎంత పని చేసినను ఆగక, పని కొలదిని పెరుగుచుండినదే లీకు.

మూడవది, పెరుగుదల కొలత. ఒక్కొక్క ఫోటోకు పెరిగినది నాలుగు కోట్ల ఎనుబది లక్షలు. ఇది విప్పిన ఫోటో యొక్క సరియైన పరిమాణము! చిన్న ప్రతి గాని తేదీ గాని యైనచో ఇంత యుండదు. కొలతయే దోషిని వేలితో చూపినది. యంత్రము అఱువదింటి తరువాత ఏల ఆగెనో గూడ తెలిసెను: అఱువది ఫోటోలకు రెండువందల ఎనుబది యెనిమిది కోట్లు, మిగిలినది యంత్రము తన స్వంత పనులకు ఉంచుకొన్నది.

నాలుగవది, సగము సగముగా విడదీయుట. త్రిప్పుటయు చిన్న ప్రతి చేయుటయు మాని తేదీని మాత్రము చదివించితిమి, మెమొరీ పెరుగలేదు. పిల్లో లైబ్రరీ ఫోటోను తెఱచినపుడు తలభాగమును మాత్రమే చదివి, చుక్కలతో పని కలిగినపుడే వానిని విప్పును. త్రిప్పుటను మరల చేర్చగానే పెరుగుదల తిరిగి వచ్చెను. కావున దోషము చివరి సగమున కలదు.

అయిదవది, ఎవరు పట్టుకొన్నారో తెలిసికొనుట. పైథానులో 2014నుండి ట్రేస్‌మాలాక్ అను పనిముట్టు కలదు. ఏ పంక్తివలన ఎంత మెమొరీ తీసికొనబడెనో అది చెప్పును. దానిని నడిపితిమి. అది మిక్కిలి స్వల్పమైన సంఖ్యలను చూపెను! మేము నివ్వెఱపోతిమి. కారణమేమన, అది పైథాను ఖాతాలోని మెమొరీని మాత్రమే లెక్కించును. పిల్లో చుక్కలను దాచునది సి భాషలో నేరుగా తీసికొన్న చోటున. ఒక ఖాతాపుస్తకమును మాత్రమే చూచి ధనమంతయు సరిగా నున్నదనుట యెంత పొరపాటో ఇదియు నంతే. కావున మార్గము మార్చి, బ్రతికియున్న ఫోటో వస్తువు లెన్నియో యంత్రమును అడిగితిమి. ఎప్పుడును ఒకటి రెండు మాత్రమే యుండవలసినవి ముప్పదియు నుండెను.

అప్పుడు ప్రోగ్రామును పంక్తి వెంట పంక్తి చదివితిమి. మొదటినాడు అయిదు ఫోటోలతో పరీక్షించునపుడు, త్రిప్పిన ఫోటోలను తెరపై వరుసగా చూచుటకై ఒక జాబితాలో చేర్చు పంక్తి నొకదానిని మేమే వ్రాసియుంటిమి. పరీక్ష ముగిసెను, పంక్తి మిగిలెను. ఆ పంక్తిని కొట్టివేయగా ముప్పదవ ఫోటోకును మూడవ ఫోటోకును మెమొరీ యొకటే యయ్యెను. తెఱచిన ప్రతి ఫైలును పని కాగానే మూసివేయునట్లును దిద్దితిమి. ఏలయన తెఱచి మూయని ఫైళ్లకును యంత్రము ఒక మితి నుంచును, మెమొరీ చాలినను అచ్చట ఆగిపోవచ్చును. ఎగ్జిఫ్ ఖండము అఱువదియైదు వేల చిల్లర బైట్లకు మించదని పైన చెప్పితిమి గదా. తేదీ మాత్రమే కావలసిన చోట్ల ఫోటోను విప్పకుండ ఆ కొద్దిభాగముతోనే సరిపుచ్చితిమి. ఆ రాత్రి పదునొకండు వేల ఫోటోలును నాలుగు గిగాబైట్ల ఆ పాత యంత్రముననే ముగిసెను. విన్నపమును చించివేసితిమి.

లండను నగరమున జరిగిన సంగతి

ఒక పంక్తి మఱచిపోయినందున ఏమి నష్టమని విద్యార్థులు తలంపవచ్చును. మాకు పోయినది రెండు రాత్రుల పనియే. 1992వ సంవత్సరము అక్టోబరు 26న లండను నగరపు అంబులెన్సు శాఖవారు, రోగులకడకు బండ్లను పంపు పనిని క్రొత్త కంప్యూటరు వ్యవస్థకు అప్పగించిరి. ఆరంభమునందే పెక్కు చిక్కులు గలిగెను. నవంబరు 4వ తేదీన తెల్లవాఱకమునుపే ఆ వ్యవస్థ మందగించి పూర్తిగా నిలిచిపోయెను. ఉద్యోగులు కాగితములతోడను మాటతోడను బండ్లను పంపవలసి వచ్చెను. విచారణలో తేలిన కారణ మిది: సుమారు మూడు వారములకు మునుపు ప్రోగ్రామును సవరించినవాడు పొరపాటున కొన్ని పంక్తులను అందు విడిచిపెట్టెను. ఒక్కొక్క బండిని పంపునపుడెల్ల కొద్ది మెమొరీ వాడబడి తిరిగి యీయబడలేదు. మూడు వారములలో మెమొరీ యంతయు తీరిపోయెను. నిలిచిపోయిన యంత్రమునకు బదులు పని చేయవలసిన రెండవ యంత్రమును ముందుగా తగినట్లు పరీక్షింపలేదు, అదియు ఆదుకొనలేదు.

మా పంక్తికిని ఆ పంక్తులకును జాతి యొకటే. అయిదు ఫోటోల పరీక్షలో అది కనబడదు. ఒక్క దినము నడిపిన వ్యవస్థలోను అది కనబడకపోవచ్చును. సి భాషలో నిట్టివానిని పట్టుటకు జూలియన్ సీవర్డు వ్రాసిన వాల్‌గ్రిండ్ అను పనిముట్టు 2002నుండి లభించుచున్నది. ప్రోగ్రాము ముగిసినపుడు, చిరునామా పోయిన చోట్లు ఎన్నియో, వానిని అడిగిన పంక్తి యేదో అది లెక్క చెప్పును. కాని యే పనిముట్టైనను, చూడవలెనని తోచినవానికే యుపయోగపడును.

తలిదండ్రులకు ఒక మాట

ఫోటోలోని 34853వ అంశము స్థలమును తెలుపు జాబితాను చూపును. అక్షాంశము డిగ్రీలు, నిముషములు, సెకనులు అను మూడు భిన్నములుగా నుండును. 16 డిగ్రీల 30 నిముషముల 36 సెకనులు అని యున్నచో, 30ని 60చేతను 36ను 3,600చేతను భాగించి కూడగా 16.51 వచ్చును, ఇది బెజవాడ ప్రాంతపు అక్షాంశము. అక్షాంశములో ఒక సెకను భూమిమీద సుమారు 31 మీటర్లు. కావున ఇంటి ముంగిట తీసిన ఫోటో ఆ యింటిని చూపగలదు. 2012 డిసెంబరులో, పోలీసులనుండి తప్పించుకొని తిరుగుచుండిన జాన్ మెకాఫీ అను కంప్యూటరు వ్యాపారి ఫోటో నొక పత్రికవారు ప్రచురింపగా, అందలి స్థలసూచనవలన ఆయన గ్వాటిమాలా దేశమున నున్నట్లు లోకమునకు వెల్లడి యయ్యెను. మన పిల్లల ఫోటోలను బహిరంగముగా పెట్టుటకు ముందు ఫోను కెమెరాలో స్థలమును వ్రాయు ఏర్పాటును మాన్పింపవలయును. వాట్సాపు వంటివానిలో ఫోటోగా పంపినపుడు ఈ వ్రాత తొలగిపోవును. అందువలననే అట్లు వచ్చిన పాత ఫోటోలకు తేదీ మాకు దొరకలేదు. ఫైలుగా పంపినచో వ్రాత యథాతథముగా పోవును. ఈ భేదమును మఱువరాదు.

వీడ్కోలు సభ ఫోటోలు

ఇక మేమిచ్చిన మాట సంగతి. 2013 మార్చి పెట్టెను తెఱచి చూచితిమి. వీడ్కోలు సభ ఫోటోలు అందు లేవు. పెట్టెలన్నియు చూడగా 2000 జనవరి 1వ తేదీ పేర ఒక చిన్న గుంపు కనబడెను. ఆనాడు మన బడిలో ఇట్టి కెమెరా లేదు. 272వ అంశమును చదువగా, అదే రకము కెమెరాతో తీసిన తక్కిన ఫోటోలన్నియు 2009 తరువాతివే. కెమెరాలో బ్యాటరీ పూర్తిగా తీరిపోయినపుడు దాని గడియారము మొదటి తేదీకి మరలిపోవును. దిద్దకున్నచో ఆ తేదీనే వ్రాయుచుండును. మెటాడేటా సాక్షియే గాని ప్రమాణము చేసిన సాక్షి కాదు. తప్పు గడియారము తప్పే చెప్పును, కోరినవాడు దానిని మార్చను వచ్చును.

ఆ గుంపులోని యేడవ ఫోటోలో వెనుకనున్న నల్లబల్లపై సుద్దముక్కతో వ్రాసిన తేదీ స్పష్టముగా చదువ వచ్చెను. అది 2013 మార్చి నెలదే. ఆ బల్ల ప్రక్కను మెడలో పూలదండతో, చేతులు కట్టుకొని, ఆయన నిలుచుండెను. దానిని పెద్దదిగా అచ్చువేయించి యింటికి పంపితిమి. పంపుటకు ముందు తొమ్మిదవ తరగతి విద్యార్థిచేత దాని వెనుక ప్రక్కను సిరాతో పేరును, తేదీని, స్థలమును వ్రాయించితిమి.